యుద్ధంలో పోయిన ప్రాణాల లెక్క: ఐదు రకాల సంఖ్యల్లో దేన్ని ఎక్కడ వాడాలి

2023 అక్టోబరు 17 రాత్రి గాజాలోని అల్ అహ్లీ ఆస్పత్రిలో పేలుడు జరిగిన వేళకు నేను డెస్కులో ఉన్నాను. ఏజెన్సీ కాపీలో 500 అని వచ్చింది. ఎడిషన్ వెళ్లిపోవడానికి పావుగంట ఉంది. ‘500 మంది దుర్మరణం’ అని హెడ్డింగ్ పెట్టి పేజీ వదిలేశాం. మర్నాడు గాజా ఆరోగ్య శాఖ 471 అంది. అమెరికా నిఘా వర్గాలేమో 100 నుంచి 300 లోపు ఉండొచ్చని, అందులోనూ కింది అంకెకే దగ్గరగా ఉండొచ్చని అన్నాయి. ఆ హెడ్డింగ్ నన్ను ఇప్పటికీ గుచ్చుతూనే ఉంది. 500 అని రాసినందుకు కాదు, ఆ మాట ఎవరి నోటి నుంచి వచ్చిందో చెప్పనందుకు.

యుద్ధం నడుస్తున్నప్పుడు ఒకే ఘటనకు మూడు నాలుగు సంఖ్యలు చేతికొస్తాయి. వీటిలో నిజమేది అని పట్టుకు కూర్చుంటే తెల్లారిపోతుంది. ఒకరు శవాల్ని లెక్కపెట్టి ఉంటారు, ఒకరు పేర్లని, మరొకరు ఇళ్లకు వెళ్లి అడిగి హెచ్చవేసి ఉంటారు. ఈ సంఖ్య దేన్ని లెక్కపెట్టింది, నా అవసరం ఏమిటి? ఈ రెండూ కలిస్తేనే ఎంపిక కుదురుతుంది. వార్త రాసేవాళ్లు, తరగతిలో చెప్పేవాళ్లు, ఫోన్లో వచ్చిన అంకెను ఇంకొకరికి పంపేముందు ఆగి ఆలోచించేవాళ్లు, ఎవరికైనా ఇదే పద్ధతి.

## ముందు ఈ ఐదు ప్రశ్నలూ వేసుకోండి

ఎవర్ని లెక్కపెట్టారు? పౌరులనా, పోయిన అందరినీనా? గాజా ఆరోగ్య శాఖ జాబితాలో పోరాడేవాళ్లు, మామూలు జనం అన్న విభజన ఉండదు. ఉక్రెయిన్ మీద ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం ఇచ్చేది కేవలం పౌరుల లెక్క. రెండింటినీ పక్కపక్కన పెట్టి ‘ఇక్కడ ఎక్కువ, అక్కడ తక్కువ’ అనడం కుదరదు. ఎవరు పౌరులన్నది కూడా అంత తేలిగ్గా తేలదు. జెనీవా ఒప్పందాలకు 1977లో చేర్చిన మొదటి ప్రోటోకాల్ 50వ అధికరణ ప్రకారం, అనుమానం ఉంటే ఆ మనిషిని పౌరుడిగానే చూడాలి. బాంబు వేసినవాళ్లు రాసుకునే పద్దులో ఈ సూత్రం తరచూ తిరగబడుతుంది.

ఎలా పోయినవాళ్లు? బాంబు పడి పోయినవాళ్లా, డయాలసిస్ ఆగిపోయి పోయినవాళ్లు కూడానా? 

ఎక్కడ, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా? ఇది అందరికీ తెలిసిందే, అందరం మర్చిపోయేదీ ఇదే.

తప్పితే ఎటు తప్పుతుంది? ప్రతి పద్ధతికీ ఒక వాలు ఉంటుంది. కొన్ని తక్కువ వైపు జారతాయి, కొన్ని ఎటైనా జారొచ్చు.

ఇంకొకరు మళ్లీ లెక్కపెట్టి చూడగలరా? పేర్లు, వయసులు, ఘటన వివరాలు బయటపెట్టారా, లేక అంకె ఒక్కటే విసిరారా? నన్నడిగితే ఐదింటిలో బరువైంది ఇదే. తప్పులున్న జాబితా అయినా బయట ఉంటే, ఎవరో ఒకరు దిద్దుతారు.

భాష దగ్గర ఒక గోతి ఉంది. ఆంగ్ల కాపీలో ‘క్యాజువల్టీస్’ అని ఉంటే చనిపోయినవాళ్లు, గాయపడినవాళ్లు కలిపి అని అర్థం. దాన్ని ‘మృతులు’ అని రాసిన వార్తలు నేను లెక్కలేనన్ని దిద్దాను, ఒకట్రెండు నేనే రాశాను కూడా. రెండో గొయ్యి సున్నాలది. ‘హండ్రెడ్ థౌజండ్’ లక్షకు బదులు పదివేలో పదిలక్షలో అయిపోవడానికి నిద్రమత్తు చాలు. ఒక్క సున్నా ఎంత దూరం పోగలదో జర్మనీలోని డ్రెస్డెన్ మీద 1945 ఫిబ్రవరిలో జరిగిన బాంబుదాడి చెబుతుంది. పోలీసు నివేదికలో మృతులు 20,204. నాజీ ప్రచార యంత్రాంగం చేతుల్లో అది 2,02,040 అయింది. డ్రెస్డెన్ నగరం నియమించిన చరిత్రకారుల సంఘం 2010లో 25 వేల దాకా అని తేల్చేసరికి అరవై ఐదేళ్లు గడిచాయి.

## ఒకటి: యుద్ధం చేస్తున్నవాళ్లు చెప్పే సంఖ్య

దీని దగ్గర ఎక్కువసేపు నిలబడక్కర్లేదు. త్వరగా వస్తుంది, తమవాళ్ల తప్పు తగ్గించి చెబుతుంది. శ్రీలంక ప్రభుత్వం 2009లో యుద్ధం చివరి రోజుల్లో పౌరుల ప్రాణనష్టం సున్నాగా ఉంచడమే తమ విధానమని చెప్పుకొంది. అదే యుద్ధం మీద ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం 2011లో, పౌర మృతులు 40 వేల దాకా ఉండొచ్చన్న మాటను కొట్టిపారేయలేమంది.

తగ్గించడం ఎప్పుడూ కావాలని చేసేదే కాదు. పైనుంచి తీసిన వీడియో చూసి లెక్కపెట్టే సైన్యానికి కూలిన కప్పు కనిపిస్తుంది, కప్పు కింద ఉన్నవాళ్లు కనిపించరు. సిరియాలోని రఖ్ఖాలో 2017 దాడుల్లో 1,600 మందికి పైగా పౌరులు పోయారని మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ, వైమానిక దాడుల మృతుల్ని నమోదు చేసే ఎయిర్‌వార్స్ 2019లో కలిసి తేల్చాయి. వాళ్ల మనుషులు శిథిలాల మధ్య తిరిగి, ఇరుగుపొరుగును అడిగి కూర్చిన లెక్క అది. అప్పటికి, ఆ దాడులు చేసిన అమెరికా నాయకత్వంలోని సంకీర్ణ సేనలు ఒప్పుకున్నది 159.

అయినా ఈ రకాన్ని పారేయకూడదు. తన మీదికి తనే తెచ్చుకున్న ఒప్పుకోలుగా దీనికి విలువ ఉంది. 2017 మార్చి 17న మోసుల్‌లో ఒక ఇంటి మీద వేసిన బాంబుకు కనీసం 105 మంది పౌరులు పోయారని అమెరికా సైన్యమే విచారణ చేసి చెప్పింది. అలాంటప్పుడు ఆ అంకెను నిక్షేపంగా కింది హద్దుగా తీసుకోవచ్చు. ఎదుటి పక్షం మీద వేసే అంకెలకు మాత్రం ఈ వెసులుబాటు ఇవ్వకండి. 1999 మేలో కొసావో మీద బాంబులు పడుతుండగా అమెరికా రక్షణ మంత్రి విలియం కోహెన్ యుద్ధ వయసు మగవాళ్లు దాదాపు లక్ష మంది కనిపించడం లేదని, వాళ్లను సెర్బియా సేనలు చంపేసి ఉండొచ్చని టీవీలో అన్నాడు. తర్వాత ఏళ్ల తరబడి ఒక్కొక్క పేరూ కూర్చితే, 1998 నుంచి 2000 దాకా అన్ని పక్షాల మృతులు, గల్లంతైనవాళ్లు కలిపి 13,535 అయ్యారు.

## రెండు: ఆస్పత్రి, మార్చురీ లెక్క

రోజువారీ వార్తకు ఆధారం ఎక్కువగా ఇదే. శవం వస్తుంది, ఎవరో గుర్తుపడతారు, పుస్తకంలోకో కంప్యూటర్లోకో ఎక్కుతుంది. వ్యవస్థ నిలబడినంతకాలం ఇంతకంటే మంచి లెక్క మరొకటి లేదు. ఇబ్బంది ఏమిటంటే, యుద్ధం పెరిగేకొద్దీ చావులూ పెరుగుతాయి, లెక్కపెట్టే ఆస్పత్రులూ కూలుతాయి. అంకె తగ్గిందంటే చావులు తగ్గినట్టా, రాసేవాళ్లు తగ్గినట్టా అన్నది ఆ పుస్తకం చూసి చెప్పలేం.

గాజా సంగతే చూడండి. అక్కడి ఆరోగ్య శాఖ లెక్క మీద నమ్మకం లేదని అమెరికా అధ్యక్షుడు బైడెన్ అన్న మర్నాడే, 2023 అక్టోబరు 26న ఆ శాఖ 6,747 మంది పేర్లు, వయసులు, గుర్తింపు సంఖ్యలతో జాబితా బయటపెట్టింది. ఇంకా గుర్తించాల్సినవాళ్లు 281 మంది అని వేరుగా చెప్పింది. హమాస్ పాలనలోని శాఖ కాబట్టి అంతా అబద్ధం అనేవాళ్లకు అది జవాబు. కానీ ఆ జాబితాలో లేనివి కూడా అంతే ముఖ్యం. శిథిలాల కింద ఉండిపోయినవాళ్లు లేరు. వైద్యం అందక పోయినవాళ్లు లేరు. ఎవరు ఆయుధం పట్టినవాళ్లో, ఎవరు కాదో లేదు.

2024 మేలో ఐక్యరాజ్యసమితి సహాయ సమన్వయ కార్యాలయం పట్టిక మారినప్పుడు జరిగిన గోల మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. అంతకుముందు 14,500 మందికి పైగా పిల్లలు, 9,500 మంది ఆడవాళ్లు అని ఉండేది. కొత్త పట్టికలో 7,797, 4,959 అయ్యాయి. ‘సగానికి తగ్గించేశారు’ అని ప్రపంచమంతా శీర్షికలు వచ్చాయి. మొత్తం మాత్రం 35 వేల దగ్గరే ఉంది, అది కదలలేదు. పాత విభజన గాజా ప్రభుత్వ మీడియా కార్యాలయం చెప్పినది. కొత్తది, పూర్తి గుర్తింపు దొరికిన 24,686 మందిలో మాత్రమే పిల్లలెందరు, ఆడవాళ్లెందరు అన్నది. హారం మారింది, జనం లవాన్ని చూసి తిట్టుకున్నారు.

సంఖ్య దిద్దుకోవడాన్ని అబద్ధం బయటపడినట్టు చూడటం అన్యాయం. 2023 అక్టోబరు 7న హమాస్ చేసిన దాడిలో పోయినవాళ్లు 1,400 అని మొదట చెప్పిన ఇజ్రాయెల్ ప్రభుత్వం, నవంబరులో దాన్ని దాదాపు 1,200కి తగ్గించింది. గుర్తుపట్టలేనంతగా కాలిపోయిన శవాల్లో కొన్ని దాడి చేసినవాళ్లవని తేలింది. మొదట చెప్పింది మోసమూ కాదు, తర్వాత తగ్గించడం నేరమూ కాదు. శవాలు గుర్తుపట్టడానికి వారాలు పడుతుంది, అంతే.

## మూడు: ఒక్కొక్క పేరూ కూర్చిన జాబితా

ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, దేనివల్ల. ఈ నాలుగూ దొరికితేనే లెక్కలోకి ఎక్కించే పద్ధతి ఇది. ఇరాక్ బాడీ కౌంట్, ఎయిర్‌వార్స్, ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం చేసేది, కాస్త తేడాలతో, ఇదే పని. ఎయిర్‌వార్స్ ప్రతి ఘటనకూ తరగతి ఇస్తుంది: ఖాయమైనది, బలమైన ఆధారం ఉన్నది, బలహీనమైనది, వివాదంలో ఉన్నది, కొట్టేసినది. మన దగ్గర వార్తకు ఇలాంటి తరగతులు ఉంటే ఎంత బాగుండును అనిపిస్తుంది నాకు.

దీని వాలు దాదాపు ఎప్పుడూ తక్కువ వైపే. ఆధారం దొరకని చావు లెక్కలో ఉండదు. ఆధారం దొరకనిది సరిగ్గా ఎక్కువమంది పోయినచోటే. ఉక్రెయిన్‌లో మొదటి రెండేళ్లలో, అంటే 2024 ఫిబ్రవరి నాటికి, ఐక్యరాజ్యసమితి నిర్ధారించిన పౌర మరణాలు 10,582. అసలు సంఖ్య దీనికంటే చాలా ఎక్కువని ఆ నివేదికలే ప్రతిసారీ రాస్తాయి. హ్యూమన్ రైట్స్ వాచ్, మరో రెండు సంస్థలు సమాధుల ఫొటోలు లెక్కపెట్టి, మరియుపోల్ అనే ఒక్క నగరంలోనే 2022 మార్చి నుంచి ఏడాదిలో మామూలుకంటే కనీసం 8,034 చావులు ఎక్కువ జరిగాయన్నాయి. అందులో సైనికులూ ఉండొచ్చు. అయినా దేశమంతటి అంకెకు ఒక ఊరి అంకె అంత దగ్గరగా వచ్చిందంటే, ఆక్రమణలోకి వెళ్లిన ఊళ్ల నుంచి ఆధారాలు రావడం లేదనే అర్థం.

అదే మరియుపోల్‌లో ఒక్క భవనం దగ్గర ఆగుదాం. 2022 మార్చి 16న నాటకశాల మీద బాంబు పడింది. లోపల తలదాచుకున్నవాళ్లు వందల్లో ఉన్నారు. నగర పాలక మండలి సుమారు 300 మంది పోయారంది. అసోసియేటెడ్ ప్రెస్ బయటపడినవాళ్లతో మాట్లాడి, భవనం నమూనా గీసి, ఏ గదిలో ఎందరు ఉన్నారో లెక్కగట్టి 600కు దగ్గర అంది. ఆమ్నెస్టీ కనీసం డజను మంది అని, ఇంకా చాలామంది ఉండొచ్చని అంది. దాడికి ముందు రెండు రోజుల్లోనే చాలామంది వెళ్లిపోయారన్నది దాని వాదన. ఆ ఏడాది చివరికి రష్యా ఆక్రమణ అధికారులు శిథిలాల్ని కూల్చేశారు. ఇక అక్కడ తవ్వి చూడటానికేమీ లేదు. డజను, 300, 600 మూడూ నిజాయితీగా చేసిన లెక్కలే. ‘డజను మందే పోయారు’ అని రాస్తే మాత్రం తప్పు. ‘పేరుతో తేలినవాళ్లు’ అన్న మాట ఆ అంకె వెంట ఉండి తీరాలి.

‘యుద్ధకాలపు లెక్క ఎప్పుడూ తక్కువే, తర్వాత పెరుగుతుంది’ అని ఒక నమ్మకం ఉంది. బోస్నియా దాన్ని తలకిందులు చేసింది. 1992-95 యుద్ధంలో 2 లక్షలు, రెండున్నర లక్షలు అని ప్రపంచమంతా రాసింది. సరయెవోలోని పరిశోధన కేంద్రం ఒకటి ఏళ్లపాటు పేర్లు కూర్చి 2013లో ముద్రించినప్పుడు 95,940 తేలింది. అందులో పౌరులు 38,239, సైనికులు 57,701. ఆ యుద్ధ నేరాల్ని విచారించిన హేగ్ ట్రిబ్యునల్ గణాంక విభాగం వేరే దారిలో పోయి 1,04,732 అంది. రెండు దారులూ ఇంత దగ్గర చేరాయి కాబట్టి ఆ సంఖ్య మీద నాకు నమ్మకం. లెక్క సగానికి తగ్గితే, 1995లో స్రెబ్రెనిత్సాలో వేల మంది ముస్లిం మగవాళ్లను చంపేసింది తగ్గుతుందా? తగ్గదు. దాన్ని కాదనేవాళ్లకు జవాబు పేర్లున్న జాబితాయే.

## నాలుగు: ఇంటింటికీ వెళ్లి అడిగే సర్వే

దీని చుట్టూ జరిగినంత రభస మరే పద్ధతి చుట్టూ జరగలేదు, అందుకే కాస్త నింపాదిగా చెబుతాను. దేశంలో కొన్ని చోట్లు చీటీ తీసినట్టు ఎంచి, ప్రతిచోటా కొన్ని ఇళ్లకు వెళ్లి, యుద్ధానికి ముందు మీ ఇంట్లో ఎవరు పోయారు, తర్వాత ఎవరు పోయారు అని అడుగుతారు. రెండు రేట్ల మధ్య తేడాను దేశ జనాభాతో గుణిస్తారు. దాన్నే అదనపు మరణాలంటారు. ఆకలి, రోగం, కాన్పు కష్టం అన్నీ ఇందులోకి వస్తాయి. ఏ ఆస్పత్రి పుస్తకానికీ ఎక్కని చావు ఇక్కడ దొరుకుతుంది.

2006లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఇరాక్ సర్వే 47 చోట్ల, 1,849 ఇళ్లలో, 12,801 మంది గురించి అడిగింది. ఇరాక్ జనాభాను సుమారు 2.6 కోట్లు అనుకుంటే, సర్వేలోని ఒక్కో మనిషి రెండు వేల మందికి ప్రతినిధి. 2003 అమెరికా దండయాత్ర తర్వాత హింసలో పోయినవాళ్లు ఆ ఇళ్లలో దాదాపు 300 మంది. 300ను రెండు వేలతో గుణించండి: 6 లక్షలు. వాళ్లు ప్రకటించింది 6,01,027. హింస కాని చావులు కలిపితే 6,54,965, అది కూడా 3,92,979 నుంచి 9,42,636 వరకు ఎక్కడైనా ఉండొచ్చని పక్కనే రాశారు. పత్రికలు ఆ పక్కన ఉన్నదాన్ని వదిలేసి మధ్య అంకెను మాత్రమే ఎత్తుకున్నాయి, అందులోనూ చివరి 5తో సహా. ఒక వీధిలో కారు బాంబు పేలి ఐదుగురు పోయి, ఆ వీధి సర్వేలో పడితే దేశం లెక్కలో పదివేలు పెరుగుతాయి. పడకపోతే లేదు. ఆ పద్ధతి బలమూ బలహీనతా ఈ ఒక్క గుణకారంలో ఉన్నాయి.

2008 జనవరిలో ఇంకో సర్వే వచ్చింది. ఇరాక్ ఆరోగ్య శాఖ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 9,345 ఇళ్లు తిరిగి, 2006 జూన్ దాకా హింసలో పోయినవాళ్లు 1,51,000 అన్నాయి. హద్దులు 1,04,000 నుంచి 2,23,000. అదే కాలానికి ఇరాక్ బాడీ కౌంట్ పత్రికా వార్తల నుంచి కూర్చినది 50 వేల లోపు. అంటే మొదటి సర్వే చెప్పిన 6 లక్షలకూ దీనికీ పన్నెండు రెట్ల తేడా. మొదటి సర్వేలో ఇళ్లను పెద్ద వీధుల దగ్గర ఎక్కువగా ఎంచారని ఒక విమర్శ వచ్చింది. రెండో సర్వేలో ప్రమాదకరమైన చోట్లకు వెళ్లనే లేదు, ఆ ఖాళీని వేరే లెక్కలతో పూడ్చారు. ప్రభుత్వ మనిషి గుమ్మంలో నిలబడి అడిగితే ‘మావాణ్ని కాల్చి చంపారు’ అని ఎందరు చెబుతారన్నది ఇంకో సందేహం. రెండు సర్వేలకూ ఉన్న లోటు మరొకటుంది. ఇల్లిల్లంతా పోతే తలుపు తీసి చెప్పడానికి ఎవరూ మిగలరు.

అంతర్జాతీయ రెస్క్యూ కమిటీ కాంగోలో 1998-2007 మధ్య అదనపు మరణాలు 54 లక్షలు అంది. అందులో హింస వల్ల పోయినవాళ్లు పదో వంతు కూడా కాదు. యుద్ధం లేకపోతే ఎందరు పోయేవాళ్లు అన్న మొదటి రేటు తక్కువగా వేసుకున్నారు కాబట్టే అంత పెద్ద సంఖ్య వచ్చిందన్నది విమర్శకుల మాట. అదనపు మరణాల లెక్కలో మొదట అడగాల్సింది ఆ రేటు గురించే.

## ఐదు: జాబితాల్ని సరిపోల్చి వేసే అంచనా

ఒకే యుద్ధంలో పోయినవాళ్ల పేర్లు రెండు మూడు సంస్థలు విడివిడిగా రాసుకున్నాయనుకోండి. మొదటి జాబితాలో 400, రెండో దాంట్లో 300, రెండింట్లోనూ ఉన్నవాళ్లు 200. రెండో జాబితాలోని 300 మందిలో మొదటి జాబితా పట్టుకున్నది మూడింట రెండొంతులు. మొత్తం మృతుల్లోనూ అది అంతే పట్టుకుందనుకుంటే, 400 అన్నది మొత్తంలో మూడింట రెండొంతులు. మొత్తం 600. చేతిలో ఉన్న పేర్లు 500, ఎవరి కంటా పడనివాళ్లు మరో వంద మంది.

ఇప్పుడు ఒక చిన్న పొరపాటు చేద్దాం. ఒకే మనిషి పేరు ఒకచోట మొహమ్మద్ అని, ఇంకోచోట ముహమ్మద్ అని ఉంది. ఇలా 40 మందిని వేర్వేరు మనుషులుగా అనుకున్నాం. ఉమ్మడి 160కి పడింది. 400ను 300తో గుణించి 160తో భాగిస్తే 750. నలభై అక్షర దోషాలకు నూట యాభై మంది పుట్టుకొచ్చారు. రెండు సంస్థలూ ఒకే ఊళ్లకు వెళ్లి ఒకరి జాబితా చూసి ఒకరు రాసుకుంటే తప్పు ఇంకోవైపు పోతుంది, అంచనా తగ్గిపోతుంది. అందుకే ఈ పనిలో నాలుగైదు జాబితాలు వాడతారు, పేర్లు కలపడానికే నెలలు పడుతుంది.

పెరూలో 1980-2000 మధ్య జరిగిన హింస మీద వేసిన సత్యశోధన కమిషన్ 2003లో ఇలాగే, పేరుతో దొరికిన 23,969 మంది నుంచి 69,280 అనే అంచనాకు వచ్చింది. మృతుల్లో ఎక్కువమంది కెచువా వంటి స్థానిక భాషలు మాట్లాడే జనం. 2019లో ఒక ఆర్థికవేత్త అదే సమాచారంతో లెక్క మళ్లీ వేసి 48 వేల దగ్గర ఆగాడు. వాదన ఇంకా నడుస్తోంది. సమాచారం బయట ఉంది కాబట్టే అలా మళ్లీ వేయగలిగారు, అది మంచిదే.

సిరియా కథ ఇంకో తీరు. లెక్కను నిలబెట్టుకోలేమని 2014 జనవరిలో ఐక్యరాజ్యసమితి చేతులెత్తేసింది. తర్వాత 2022లో, పదేళ్లలో పోయిన పౌరులు 3,06,887 అంది. దాన్ని విడదీసి కూడా చెప్పింది: 1,43,350 మందికి వివరాలున్నాయి, మిగతా 1,63,537 గణాంక పద్ధతుల ద్వారా వేసిన అంచనా. ఎంత తెలుసు, ఎంత ఊహ అన్నది ఇంత విడిగా చెప్పిన ప్రకటనలు అరుదు. గాజాలో 2024 జూన్ ఆఖరు దాకా ఆరోగ్య శాఖ లెక్క 37,877 ఉండగా, లాన్సెట్‌లో 2025 జనవరిలో వచ్చిన అధ్యయనం ఆస్పత్రి జాబితా, ఆన్‌లైన్ సర్వే, సోషల్ మీడియా సంతాపాల్ని సరిపోల్చి 64,260 అంది. ఇది గాయాలతో పోయినవాళ్ల లెక్క మాత్రమే. పౌరులెందరో ఇది కూడా చెప్పదు.

## పక్కపక్కన పెడితే

| సంఖ్య | దేన్ని లెక్కపెడుతుంది | ఎప్పటికి వస్తుంది | తప్పితే ఎటు | మళ్లీ లెక్కించొచ్చా |
|---|---|---|---|---|
| యుద్ధపక్షం ప్రకటన | తమకు అనుకూలమైనదాన్ని | గంటల్లో | తమ తప్పు తక్కువగా, ఎదుటివాళ్లది ఎక్కువగా | అరుదుగా |
| ఆస్పత్రి, మార్చురీ | వచ్చిన శవాల్ని | రోజుల్లో | మొదట ఎటైనా, వ్యవస్థ కూలాక తక్కువ | జాబితా ఇస్తే చేయొచ్చు |
| పేర్ల జాబితా | ఆధారం దొరికిన ఒక్కొక్కరిని | నెలలు, ఏళ్లు | తక్కువ | అన్నిటికంటే బాగా |
| ఇంటింటి సర్వే | మామూలుకంటే ఎక్కువైన చావుల్ని | ఏడాది, రెండేళ్లు | ఎటైనా, హద్దులు వెడల్పు | పాక్షికంగా |
| జాబితాల పోలిక | కంటపడనివాళ్లతో సహా అంచనా | ఏళ్లు | ఎటైనా, పేర్ల కలయికను బట్టి | సమాచారం బయట ఉంటే |

## మీ పని ఏది?

ఇవాళే వార్త రాయాలి. రెండో రకం తప్ప గత్యంతరం లేదు. ఎవరన్నారో హెడ్డింగ్‌లోనే పెట్టండి, ఏ రోజు దాకానో మొదటి పేరాలో పెట్టండి. పౌరులని తేలకపోతే ‘పౌరులు’ అనొద్దు, ‘మంది’ అనండి. ఇంకొకటి, తెలుగులో చావుకు మనకున్న క్రియలు తీర్పులు చెప్పేస్తాయి. ‘హతం’ అంటే పోయినవాడు ముష్కరుడన్నట్టు, ‘బలి’ అంటే అమాయకుడన్నట్టు. ఎవరో తేలకముందే ఆ పదం తేల్చేస్తుంది. ‘మృతి’ చప్పగా ఉంటుంది, ఉండనివ్వండి.

ఎవరితోనో వాదిస్తున్నారు, లేదా అంకెను ముందుకు పంపబోతున్నారు. మీ పక్షానికి నచ్చే అంకె దొరికినప్పుడు దాని హద్దులు కూడా పంపుతున్నారా చూసుకోండి. కనీసం తేదీ. తేదీ లేని మృతుల సంఖ్య పాలప్యాకెట్ లాంటిది, చూసి వాడాలి.

తరగతిలో చెప్పాలి, వ్యాసం రాయాలి. రెండు సంఖ్యలు ఇవ్వండి: పేర్లతో తేలినది, అంచనా వేసినది. సిరియాకు ఐక్యరాజ్యసమితి చేసినట్టు. రెండు యుద్ధాల్ని పోలుస్తుంటే ఒకే రకం సంఖ్యల్ని పోల్చండి. కాంగో 54 లక్షల పక్కన ఉక్రెయిన్ 10,582 పెట్టడం కంటే పోలిక మానుకోవడం నయం.

సహాయం ఎక్కడికి పంపాలో నిర్ణయించాలి. బాంబుల లెక్క మీకు సగం కథే చెబుతుంది. సూడాన్‌లోని ఖార్తూమ్ రాష్ట్రంలో 2023 ఏప్రిల్ నుంచి 2024 జూన్ దాకా 61 వేల మందికి పైగా పోయారని లండన్ పరిశోధకులు అంచనా వేశారు. అందులో హింస వల్ల పోయినవాళ్లు 26 వేలు. మిగతావాళ్లకు కావాల్సింది మందులు, తిండి. ఇక్కడ నాలుగు, ఐదు రకాలే దారి. హద్దులు వెడల్పుగా ఉన్నాయని ఆగడానికి లేదు.

నేరం రుజువు చేయాలి, పరిహారం అడగాలి. మూడో రకం తప్ప మరేదీ కోర్టు గుమ్మం దాటదు. ఆరు లక్షల అంచనా కంటే తేదీ, చోటు, ఆయుధం తెలిసిన ఆరు పేర్లు అక్కడ బరువెక్కువ. గణాంక నిపుణుల సాక్ష్యం హేగ్‌లో పనికొచ్చిందంటే, కింద పేర్లు ఉండబట్టే.

నా మటుకు నేను, ఎటూ తేల్చుకోలేనప్పుడు, జాబితా బయటపెట్టినవాళ్ల సంఖ్యను ముందు పెట్టి, అంచనాను దాని వెనక హద్దులతో సహా రాస్తాను. చోటు చాలదనేది ప్రతి డెస్కులోనూ వినిపించే సాకు. అక్టోబరు 17 నాటి హెడ్డింగ్ ఇప్పుడైతే ‘500 మంది మృతి: గాజా ఆరోగ్య శాఖ’ అని పెడతాను. మూడు మాటలు ఎక్కువ. ఆ రాత్రి పేజీలో వాటికి చోటు ఉంది. నేను ఫొటో పెద్దది చేశాను.